సర్ అక్బర్ హైదరీ: నిజాం ఖజానాను నిలబెట్టిన మనిషి, కంపెనీ చట్టం మీద తేలని బేరం

చెంగిచెర్ల నుంచి ఉప్పల్ మీదుగా తార్నాక వైపు బస్సులో వెళ్తే దారిలో ఉస్మానియా యూనివర్సిటీ తగులుతుంది. అదే ఉప్పల్ దగ్గర దారి మార్చి నాగోల్ వైపు వెళ్తే బండ్లగూడలో కార్పొరేట్ భవన్ ఉంటుంది. కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు అక్కడే. చెంగిచెర్ల, నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల మాంసం వ్యాపారమో, వర్క్‌షాపో, చిన్న కార్ఖానానో నడిపే కుటుంబాలకు ఈ రెండు చోట్లతోనూ పని పడుతుంది. ఒకటి పిల్లల చదువు కోసం, ఇంకొకటి వ్యాపారం కాగితాల కోసం.

ఈ రెండు చోట్ల వెనకున్న చరిత్రలోనూ ఒకే మనిషి కనిపిస్తారు. ఆయన సర్ అక్బర్ హైదరీ. యూనివర్సిటీ పుట్టుకలో ఆయన చెయ్యి ఉంది. దేశమంతటికీ ఒకే కంపెనీ చట్టం అన్నది మాత్రం ఆయన బతికుండగా హైదరాబాద్‌కు రాలేదు. ఢిల్లీకి ఏ అధికారాలు ఇవ్వాలి, ఏవి హైదరాబాద్ దగ్గరే ఉంచుకోవాలి అని లండన్‌లో కూర్చుని ఏళ్ల తరబడి బేరమాడింది ఆయనే. ఆ బేరం తేలకుండానే ఆయన కన్నుమూశారు. తొమ్మిదేళ్ల తర్వాత ఢిల్లీ పార్లమెంటు ఒక చట్టంతో ఆ వ్యవహారం ముగించింది.

బొంబాయి నుంచి హైదరాబాద్‌కు

అక్బర్ హైదరీ పూర్తి పేరు ముహమ్మద్ అక్బర్ నజర్ అలీ హైదరీ. 1869 నవంబర్ 8న బొంబాయిలో, సులేమానీ బోహ్రా వ్యాపార కుటుంబంలో పుట్టారు. లెక్కాపత్రం, సరుకు, అమానత్ ఇవన్నీ ఆ ఇంట్లో రోజూ వినపడే మాటలు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి, 1888లో బ్రిటిష్ ఇండియా ఆర్థిక శాఖలో ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత పదిహేడేళ్లు వేర్వేరు ఊళ్లలో ప్రభుత్వ లెక్కలు చూశారు. ఎక్కడ డబ్బు కారిపోతుందో, ఏ పద్దు కింద ఏది దాస్తారో ఆయనకు బాగా తెలిసింది.

1905లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆయన్ను హైదరాబాద్‌కు అరువిచ్చింది. అకౌంటెంట్ జనరల్‌గా వచ్చారు. 1907లో ఆర్థిక కార్యదర్శి అయ్యారు. మరుసటి ఏడాది, 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ రోజుల్లో ఆయన భార్య అమీనా హైదరీ వరద బాధితుల కోసం చేసిన సేవకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. ఆమె బొంబాయిలో పేరున్న త్యాబ్జీ కుటుంబానికి చెందినవారు. ముస్లిం ఇళ్లలో ఆడపిల్లల చదువు కోసం తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేశారు.

1911లో హైదరీకి హోం కార్యదర్శి బాధ్యతలు వచ్చాయి. విద్యాశాఖ కూడా అందులోదే. ఉర్దూ మాధ్యమంలో ఒక యూనివర్సిటీ పెట్టాలని 1917లో ఆయన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముందు ఒక వినతిపత్రం ఉంచారు. పరాయి భాషలో చదివితే పిల్లల బుర్ర సగం ఆ భాషతోనే అరిగిపోతుందన్నది ఆయన వాదన సారాంశం. నిజాం ఫర్మాన్ ఇచ్చారు. ఉస్మానియా యూనివర్సిటీ అలా పుట్టింది. దేశీ భాషలో పై చదువులు చెప్పిన తొలి యూనివర్సిటీగా దానికి పేరు.

లండన్ కంపెనీ నేర్పిన పాఠం

హైదరీ వచ్చేనాటికి హైదరాబాద్ ప్రభుత్వానికి కంపెనీలంటే ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1886లో రాజ్యంలోని గనులు తవ్వుకునే హక్కును ఒక బృందానికి ఇచ్చారు. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఒకటి రిజిస్టర్ చేశారు. అందులో ఎక్కువ షేర్లు హక్కు సంపాదించిన వాళ్లే పైసా కట్టకుండా తమ పేరు మీద రాసుకున్నారు. తర్వాత అవే షేర్లలో కొన్నిటిని నిజాం ప్రభుత్వం చేత ముఖ విలువ కంటే ఎక్కువ ధరకు కొనిపించారు. ఈ వ్యవహారంలో నిజాం ప్రభుత్వ ఉన్నతాధికారి అబ్దుల్ హఖ్ చెయ్యి ఉందని బయటపడి పెద్ద గొడవైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ కమిటీ వేసింది. అబ్దుల్ హఖ్ పదవి పోయింది.

ఈ కథలో అసలు సంగతి ఒకటుంది. బొగ్గు ఇల్లెందులో ఉంది. కూలీలు ఇక్కడివాళ్లు. డబ్బు నిజాం ఖజానాది. కానీ కంపెనీ పుట్టింది లండన్‌లో. దాని లెక్కలు, షేర్ల జాబితా, డైరెక్టర్ల బాధ్యత అన్నీ ఇంగ్లండ్ చట్టం కిందికి వస్తాయి. హైదరాబాద్ ప్రభుత్వానికి ఏమైనా తెలుసుకోవాలంటే సముద్రం దాటాల్సిందే. కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయితే అక్కడి చట్టమే దానికి తల్లీతండ్రీ అన్న సంగతి హైదరాబాద్‌కు అలా తెలిసొచ్చింది.

కంపెనీ అంటే నలుగురు కలిసి పెట్టుబడి పెట్టడం ఒక్కటే కాదు. కంపెనీకి చట్టం ఒక మనిషికి ఉన్నట్టే సొంత పేరు, సొంత ఆస్తి, సొంత అప్పు ఇస్తుంది. కంపెనీ మునిగితే వాటాదారు తన షేర్ల మేరకే నష్టపోతాడు. ఇల్లూ వాకిలీ పోవు. దానికి బదులుగా చట్టం కొన్ని షరతులు పెడుతుంది. ఎవరెవరికి ఎంత వాటా ఉందో రాసిపెట్టాలి. లెక్కలు తనిఖీ చేయించాలి. ఆ కాగితాలు రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. మూతపడితే అప్పులవాళ్లకు ఏ వరసలో చెల్లించాలో చట్టమే చెప్తుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా ఒకే వ్యాపారంలో డబ్బు పెట్టగలిగేది ఈ భరోసా మీదే.

1320 ఫస్లీ చట్టం

బ్రిటిష్ ఇండియాలో కంపెనీ చట్టం 1850లో మొదలై, మారుతూ మారుతూ 1913 నాటి ఇండియన్ కంపెనీస్ యాక్ట్ దాకా వచ్చింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా, లాహోర్ ఎక్కడైనా అదే చట్టం. కానీ సంస్థానాల్లో అది నడవదు. హైదరాబాద్‌కు సొంత చట్టసభ, సొంత కోర్టులు, సొంత క్యాలెండర్ ఉన్నాయి. సర్కారు లెక్కలు ఫస్లీ సంవత్సరంలో నడిచేవి. సొంత కంపెనీ చట్టం కూడా వచ్చింది. అది 1320 ఫస్లీ నాటి నాలుగో చట్టం. ఇప్పటి లెక్కలో 1910-11 అన్నమాట. అప్పటికి హైదరీ ఆర్థిక శాఖలోనే ఉన్నారు. మైసూరు, ట్రావన్‌కోర్ లాంటి పెద్ద సంస్థానాలు కూడా ఎవరి కంపెనీ చట్టాలు వాళ్లు చేసుకున్నాయి.

దీని ఫలితం ఎంత చిత్రంగా ఉండేదో హైదరాబాద్ నగరంలోనే కనిపించేది. హుస్సేన్ సాగర్‌కు ఇవతల నిజాం చట్టం. అవతల సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ అధికారం, బ్రిటిష్ వాళ్లు అమలు చేసిన చట్టాలు. కోఠీ దగ్గర రెసిడెన్సీ బజార్లలోనూ అంతే. ఆ బజార్లు 1933లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. రైలు పట్టాల భూముల మీద కూడా బ్రిటిష్ వాళ్లదే అధికారం. డబ్బు కూడా వేరు. ఏడు హాలీ సిక్కా రూపాయలు ఇస్తే ఆరు బ్రిటిష్ రూపాయలు వచ్చేవి.

బేగంబజార్‌లో హైదరాబాద్ చట్టం కింద రిజిస్టర్ అయిన ఒక కంపెనీ బెజవాడలో కొట్టు తెరవాలనుకుందనుకోండి. తెలుగు మాట్లాడే జనమే, రైల్లో ఒక రాత్రి ప్రయాణమే. అయినా బ్రిటిష్ ఇండియా చట్టం దృష్టిలో అది బయటి దేశపు కంపెనీ. లండన్ కంపెనీకి ఏ వరస పెడితే దానికీ అదే వరస. తన స్థాపన పత్రాల నకలు, డైరెక్టర్ల పేర్లు, నోటీసులు అందుకునే మనిషి చిరునామా అన్నీ అక్కడి రిజిస్ట్రార్‌కు విడిగా దాఖలు చేయాలి. బెజవాడ కంపెనీ హైదరాబాద్‌కు వచ్చినా అది పరాయిదే. మద్రాసులో ఉన్న మనిషి హైదరాబాద్ కంపెనీ షేరు కొనాలంటే ముందు అక్కడి చట్టమేంటో, కోర్టు ఎక్కడో కనుక్కోవాలి. రెండు చట్టాల మధ్య తేడా పెద్దది కాకపోయినా, ఉందేమోనన్న అనుమానమే చాలామందిని ఆపేసేది.

మరి సొంత చట్టం వల్ల హైదరాబాద్‌కు లాభమే లేదా అంటే ఉంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ హైదరాబాద్ చట్టం కింద రిజిస్టర్ అయింది. లండన్‌లో పుట్టిన పాత దక్కన్ కంపెనీ ఆస్తులు, అప్పులు అన్నీ దాని చేతికి వచ్చాయి. ఒకప్పుడు లెక్క చూడాలంటే సముద్రం దాటాల్సిన బొగ్గు కంపెనీ ఇప్పుడు హైదరాబాద్ రిజిస్టర్‌లోకి వచ్చింది. పాతికేళ్ల తర్వాత, 1945లో, నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటా కొనేసింది. ఆ చట్టం లేకపోతే ఈ దారి ఇంత తేలికగా ఉండేది కాదు.

ఖజానా డబ్బుతో కార్ఖానాలు

హైదరీ 1920లో బొంబాయి అకౌంటెంట్ జనరల్‌గా వెళ్లి, 1921లో హైదరాబాద్ ఆర్థిక మంత్రిగా తిరిగొచ్చారు. అక్కడి నుంచి పదహారేళ్లు ఖజానా తాళం ఆయన చేతిలోనే ఉంది. ప్రతి శాఖకూ మూడేళ్లకు ఇంత అని ముందే కేటాయించి, అందులోనే సర్దుకోమని హుకుం పెట్టారు. మిగిల్చిన డబ్బు ఆ శాఖకే పనికొస్తుంది, దుబారా చేస్తే అడిగినా రాదు. కరువు వస్తే తీయడానికి ఒక నిధి, నోట్ల వెనక భరోసాకు ఒక నిధి, అప్పు తీర్చడానికి ఒక నిధి విడివిడిగా పెట్టారు. మిగులు చూపించే ఖజానాగా హైదరాబాద్‌కు దేశమంతా పేరొచ్చింది. 1928లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. నిజాం ఇచ్చిన బిరుదు నవాబ్ హైదర్ నవాజ్ జంగ్.

1930 ఏప్రిల్ 1న నిజాం రైల్వేను ప్రభుత్వం కొనేసింది. అప్పటిదాకా అది లండన్‌లో ఉన్న ఒక కంపెనీది. రైలు నడిచినా నడవకపోయినా వాటాదారులకు వడ్డీ గ్యారంటీగా నిజాం ప్రభుత్వమే కట్టేది. ఆ భారం దింపడం హైదరీ చేసిన పెద్ద పనుల్లో ఒకటి.

దానికి ఒక ఏడాది ముందు, 1929లో, ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టించారు. ఖజానాలో మిగిలిన డబ్బు ఊరికే పడి ఉండకుండా పెద్ద కార్ఖానాల షేర్లలో, అప్పుల్లో పెట్టడం దాని పని. వచ్చిన ఆదాయంలోంచి చిన్న పరిశ్రమలకు, చేతివృత్తులకు సాయం అందేది. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వచ్చింది. మంజీరా మీద నిజాంసాగర్ కట్టి నీళ్లిచ్చారు కాబట్టి చెరకు పండింది, చెరకు పండింది కాబట్టి ఫ్యాక్టరీ నిలబడింది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ రిజిస్టర్ అయింది. దాని చుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అని పేరొచ్చింది. చార్మినార్ సిగరెట్ల వజీర్ సుల్తాన్ కంపెనీ 1930లో రిజిస్టర్ అయింది. ఇవన్నీ 1320 ఫస్లీ చట్టం కింద పుట్టిన కంపెనీలే.

ఇందులో ఒక లోపం కూడా ఉంది. పెద్ద కంపెనీల్లో ఎక్కువ డబ్బు సర్కారుదే అయినప్పుడు మామూలు వాటాదారు మాటకు బలం తక్కువ. షేర్లు నలుగురిలో అమ్ముకునే బజారు కూడా ఆయన హయాంలో లేదు. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1943లో, ఆయన పోయాక మొదలైంది. బయటి పెట్టుబడి రావాలంటే బయటివాళ్లకు తెలిసిన చట్టం కావాలి. సొంత చట్టం పరాయివాళ్ల దోపిడీని ఆపింది. అదే చట్టం పరాయి పెట్టుబడికీ గడప ఎత్తు చేసింది.

లండన్ బేరం

1930 నవంబర్‌లో లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. హైదరాబాద్ ప్రతినిధి బృందానికి నాయకుడు హైదరీ. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలు, సంస్థానాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడాలన్న ఆలోచనకు సంస్థానాల తరఫున గట్టిగా నిలబడ్డవాళ్లలో ఆయన ఒకరు. అయితే ఆయన సమాఖ్యకు షరతులున్నాయి. హైదరాబాద్ ఏది ఇస్తుందో తానే రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వనిది ఢిల్లీ ముట్టుకోకూడదు. రైల్వే, సిక్కా, తపాలా, పాత ఒప్పందాల హక్కులు, బేరార్ ఇలా ఒక్కో విషయం మీద ఆయన పద్దు రాసినట్టే పట్టుబట్టి మాట్లాడేవారు.

1935లో గవర్నమెంట్ ఆఫ్ ఇండియా యాక్ట్ వచ్చింది. సమాఖ్య చేతిలో ఉండే అంశాల జాబితాలో 33వది కంపెనీలు. వ్యాపార సంస్థల్ని రిజిస్టర్ చేయడం, అదుపు చేయడం, మూసేయడం, బ్యాంకులూ ఇన్సూరెన్సుతో సహా, సమాఖ్య పని అని అందులో రాశారు. వెంటనే ఒక మినహాయింపు కూడా పెట్టారు. సంస్థానం సొంతదో, సంస్థానం అదుపులో ఉన్నదో అయి, ఆ సంస్థానం లోపలే వ్యాపారం చేసే కంపెనీ సమాఖ్య కిందికి రాదు. సర్కారు డబ్బుతో కార్ఖానాలు కడుతున్న హైదరాబాద్ లాంటి రాజ్యానికి ఆ వాక్యం విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

కాబట్టి దేశమంతా ఒకే కంపెనీ చట్టం అనే దారి 1935లోనే తెరుచుకుంది. కానీ సమాఖ్య మొదలవ్వాలంటే సంస్థానాల జనాభాలో కనీసం సగానికి సరిపడా రాజులు చేరిక పత్రం మీద సంతకం పెట్టాలి. అన్ని సంస్థానాల్లోకీ పెద్దది హైదరాబాద్. అది కదలకపోతే మిగతావి కదలడం కష్టం. 1937లో హైదరీ ప్రధానమంత్రి అయ్యారు. ఒప్పందం ముసాయిదాలు వచ్చాయి, సవరణలు వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. 1939 జూన్‌లో బొంబాయిలో కలిసిన సంస్థానాధీశులు తమకిచ్చిన షరతులు చాలవన్నారు. సెప్టెంబర్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. వైస్రాయ్ లిన్‌లిత్‌గో సమాఖ్య పనిని పక్కన పెట్టేశారు. నిజాం సంతకం పడలేదు.

ఆ రోజుల్లో ఇంటి దగ్గర కూడా హైదరీకి తిప్పలే. 1938లో స్టేట్ కాంగ్రెస్, ఆర్య సమాజ్ సత్యాగ్రహాలు జరిగాయి. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కావాలని అడిగినవాళ్లకు 1939లో ఆయన ప్రకటించిన సంస్కరణలు చాలా తక్కువనిపించాయి. ఇంకోవైపు, బయటి నుంచి వచ్చినవాళ్లు పెద్ద పదవుల్లో ఉన్నారని ముల్కీలు చాలా కాలంగా అసంతృప్తితో ఉన్నారు. బొంబాయి నుంచి వచ్చిన హైదరీ కూడా ఆ లెక్కలో బయటివాడే. పద్దులు సరిచేయడంలో ఆయనకున్న నేర్పు జనానికి అధికారంలో వాటా ఇవ్వడంలో కనపడలేదన్న విమర్శ అబద్ధం కాదు.

ఆయన చివరి ఏడాది పనుల్లో ఒకటి బ్యాంకు. 1941లో, 1350 ఫస్లీ చట్టం కింద, హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఏర్పడింది. ఉస్మానియా సిక్కా వ్యవహారం కూడా దానికే అప్పగించారు. అదే ఏడాది ఆయన ప్రధాని పదవి వదిలి, వైస్రాయ్ కార్యవర్గంలో సమాచార, ప్రసార శాఖ సభ్యుడిగా ఢిల్లీ వెళ్లారు. 1942 జనవరి 8న చనిపోయారు. మూడు నెలల తర్వాత, ఏప్రిల్‌లో, ఆ బ్యాంకు గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచింది.

ఆయన తర్వాత

హైదరీ పోయిన ఆరేళ్లకు ఆయనకు తెలిసిన ప్రపంచం మారిపోయింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం కంపెనీల అంశాన్ని కేంద్ర జాబితాలో, 43, 44 సంఖ్యల కింద పెట్టింది. 1935 జాబితాలో సంస్థానాల కోసం పెట్టిన మినహాయింపు ఇందులో లేదు. సంస్థానాలే లేనప్పుడు వాటికి మినహాయింపు ఎక్కడిది?

తర్వాత ఒక చిన్న చట్టం వచ్చింది. బి తరగతి రాష్ట్రాల చట్టం, 1951. హైదరాబాద్, మైసూరు, ట్రావన్‌కోర్-కొచ్చిన్ లాంటి పాత సంస్థానాలను అప్పుడు బి తరగతి రాష్ట్రాలు అనేవారు. కేంద్ర చట్టాల పెద్ద జాబితా ఒకటి ఇచ్చి, ఇవన్నీ 1951 ఏప్రిల్ 1 నుంచి ఆ రాష్ట్రాల్లోనూ అమలవుతాయని అందులో రాశారు. ఆ జాబితాలో 1913 నాటి ఇండియన్ కంపెనీస్ యాక్ట్ కూడా ఉంది. హైదరీ పదేళ్లు వాక్యం వాక్యం తూచి బేరమాడిన సంగతి జాబితాలో ఒక వరసగా ముగిసిపోయింది. 1320 ఫస్లీ చట్టం చరిత్రలో కలిసిపోయింది.

కంపెనీలు మాత్రం చావలేదు. హైదరాబాద్ చట్టం కింద పుట్టినవి మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాల్సిన పని లేకుండా కొత్త చట్టం వాటిని ఉన్నవి ఉన్నట్టే ఒప్పుకుంది. సింగరేణి, సిర్పూర్ పేపర్, వజీర్ సుల్తాన్ అన్నీ పాత పుట్టిన తేదీతోనే సాగాయి. ఇప్పటికీ సింగరేణి పుట్టిన రోజు 1920 డిసెంబర్ 23నే.

1950లో కేంద్రం సి.హెచ్. భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదిక మీద 1956 నాటి కంపెనీల చట్టం తయారై, ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఏడు నెలల తర్వాత, నవంబర్ 1న, తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. కౌలు చట్టాల్లాంటివి చాలా ఏళ్లు రెండు ప్రాంతాలకు రెండు రకాలుగానే నడిచాయి. పాత చట్టాల పేర్లలో తెలంగాణ ప్రాంతం, ఆంధ్ర ప్రాంతం అని విడిగా రాసుకోవాల్సి వచ్చింది. కంపెనీ చట్టానికి ఆ బాధ లేదు. బెజవాడ కంపెనీ, బేగంబజార్ కంపెనీ ఒకే పుస్తకం కిందికి అప్పటికే వచ్చేశాయి. 2014లో రాష్ట్రం మళ్లీ రెండైనప్పుడు కూడా ఆ పుస్తకం మారలేదు. 1956 చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం రెండు రాష్ట్రాలకూ ఒకటే.

చట్టం ఒకటైంది, భాష మారింది

ఈ మార్పుకు కొందరు కట్టిన ధర గురించి కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో కోర్టుల భాష, సర్కారు భాష ఉర్దూ. వకీళ్లు, మున్సిఫ్‌లు, గుమాస్తాలు ఉర్దూలోనే చదివి, ఉర్దూలోనే రాసేవాళ్లు. ఉస్మానియాలో వకాలత్ చదువు కూడా ఉర్దూలోనే నడిచింది. 1948 తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. 1951లో వచ్చిన కేంద్ర చట్టాలు ఇంగ్లీషువి. నిన్నటిదాకా చట్టం తెలిసినవాడిగా మొహల్లాలో గౌరవం ఉన్న మనిషి ఒక్కసారిగా మళ్లీ అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. చాలా కుటుంబాలు ఆ దెబ్బకు సర్కారు ఉద్యోగాల నుంచి, కోర్టు పనుల నుంచి వెనక్కి తగ్గి చిన్న వ్యాపారాల్లోకి వెళ్లాయి.

హైదరీ నిలబెట్టినవాటిలో కంపెనీలు కొత్త చట్టంలోకి సాఫీగా దాటాయి. ఉర్దూ యూనివర్సిటీ దాటలేకపోయింది. కంపెనీకి చట్టం పాత పుట్టిన తేదీని ఒప్పుకుంది, ఉర్దూలో చదివిన మనిషి చదువును మాత్రం ఎవరూ అంత తేలికగా ఒప్పుకోలేదు. చట్టాలను ఒకటి చేసేటప్పుడు పాత చట్టం కింద బతికిన మనుషుల సంగతి కూడా చూడాలన్నది ఈ చరిత్ర చెప్పే మాట. ఒకే చట్టం మంచిదే. అది ఏ భాషలో, ఎంత గడువుతో, ఎవరికి నేర్పించి తెస్తారన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పటి కుటుంబాలకు

చెంగిచెర్ల హైదరీ కాలంలో పట్నం బయటి పల్లె. ఇప్పుడక్కడ జాతీయ మాంసం పరిశోధన సంస్థ ఉంది. పక్కనే నాచారం, చర్లపల్లి పారిశ్రామిక వాడలు. ఈ చుట్టుపక్కల ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే, ముంబైలోనో చెన్నైలోనో పెట్టే కంపెనీకి ఉన్న హక్కులే వాళ్లకూ ఉంటాయి. విజయవాడలో బ్రాంచి తెరిస్తే ఎవరూ దాన్ని పరాయి దేశపు కంపెనీ అనరు. గొడవ వస్తే కంపెనీ లా ట్రైబ్యునల్ హైదరాబాద్ బెంచి ఉంది. హైదరీ కాలంలో ఎంత పెద్ద వ్యాపారికైనా ఈ సౌకర్యం లేదు.

అయినా చాలా ఇళ్లలో వ్యాపారం ఇప్పటికీ నోటి మాట మీదే నడుస్తుంది. అబ్బా పేరు మీద దుకాణం, పెద్దన్న చేతిలో గల్లా, తమ్ముళ్ల వాటా ఎంతో ఎక్కడా రాసి ఉండదు. పెద్దదిక్కు పోయిన రోజు అసలు గొడవ మొదలవుతుంది. చెల్లెళ్ల వాటా అయితే లెక్కలోకే రాదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని చెప్పే ఆయతే. లండన్‌లో పైసా కట్టకుండా రాసుకున్న షేర్ల దగ్గర నుంచి ఇంట్లో రాసుకోని వాటాల దాకా మోసానికి, తగాదాకు ఒకటే మూలం. ఎవరిది ఎంతో అందరికీ కనపడేలా ఒకచోట రాసి లేకపోవడం.

హైదరీ జీవితమంతా చేసింది అలా రాసిపెట్టే పనే. ఖజానా లెక్కను ఒక క్రమంలో పెట్టారు. పరాయి చట్టం కింద ఉన్న రైలును ఇంటికి తెచ్చారు. కార్ఖానాలకు పేరు, పద్దు, రిజిస్టర్ ఇచ్చారు. సొంత చట్టాన్ని వదులుకోవడానికి మాత్రం మంచి ధర కోసం ఎదురుచూశారు. ఆ ధర పలకకముందే కాలం ముగిసింది. ఆయన బేరం ఓడిపోయినా, రిజిస్టర్‌లో సరిగ్గా రాసి ఉన్న కంపెనీలు మూడు చట్టాలు మారినా అదే పుట్టిన తేదీతో నిలబడ్డాయి.